జానెడు తేడా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు మాట్లాడుకుంటాం. ఈసారి రైలు సంగతి చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. పోయిన నెల సంఘం ఆఫీసులో జరిగిన వాదన కొందరికి గుర్తుండే ఉంటుంది. చెన్నైలో కంటి ఆపరేషను చేయించుకొని వచ్చిన ఒక మిత్రుడు, "మన కరెంటు రైలునే తిన్నగా మెట్రో పట్టాల మీదికి మళ్లిస్తే ఏం పోయింది? ఎక్కినవాడు మారే పని లేకుండా ఆసుపత్రి దగ్గర దిగుతాడు గదా!" అన్నారు. అందరూ నవ్వారు. ముప్ఫై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసిన నాకు మాత్రం, అడ్డం ఎక్కడుందో చూడకుండా ఫైలు మూసే అలవాటు లేదు.

అడ్డం పట్టాలలోనే ఉంది. మన నాయుడుపేట మీదుగా పోయే గూడూరు–చెన్నై మార్గం బ్రాడ్‌గేజి. పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, అంటే ఐదడుగుల ఆరంగుళాలు. చెన్నై మెట్రో, హైదరాబాదు మెట్రో రెండూ స్టాండర్డ్ గేజి, 1,435 మిల్లీమీటర్లు. తేడా జానెడు, ఆపైన అరంగుళం. పాకాల–ధర్మవరం మీటరుగేజి రోజులు చూసినవారికి దీని కష్టం చెప్పనక్కరలేదు. గేజి మారిన చోట మనుషులూ, బస్తాలూ దిగవలసిందే. విచిత్రమేమంటే కరెంటులో పేచీ లేదు. రెండింటికీ పై తీగలో 25 వేల వోల్టులే. పెట్టెలోనూ తేడా ఉంది. లోకల్ పెట్టె వెడల్పు 3.66 మీటర్లు, మెట్రో పెట్టె 2.9 మీటర్లు. మన బండి అక్కడికి పోతే ప్లాట్‌ఫారాన్ని గీరుకుంటుంది.

గేజి కలిసినంత మాత్రాన పని అయిపోదు. ఢిల్లీలో 2002లో తెరిచిన మొదటి మెట్రో మార్గం బ్రాడ్‌గేజే. అయినా రైల్వే బండి దాని మీదికి రాదు. ఎందుకో మనకు అనుభవమే. ఎక్స్‌ప్రెస్ వస్తుందంటే లోకల్‌ను పక్క లైనులో నిలపడం మనం చూడనిదా? హైదరాబాదులో 2003 ఆగస్టులో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. బండ్లు దూరపు బండ్లతో, గూడ్సులతో కలిసి రైల్వే పట్టాల మీదనే నడుస్తాయి. ఖర్చు కలిసివచ్చింది గాని, దారి ఖాళీ అయితేనే బండి కదలాలి. కొద్ది నిమిషాలకొకటి వచ్చే మెట్రో నడుమ ఒక్క గూడ్సు ఆగిందంటే వెనకవన్నీ ఆగినట్లే.

మరి ఎక్కడా కుదరలేదా అంటే, కుదిరింది. టోక్యోలో కెయిసెయి అనే రైలు కంపెనీ భూగర్భ రైలుతో కలవడం కోసం 1959లో తన మార్గం గేజినే 1,372 నుంచి 1,435 మిల్లీమీటర్లకు మార్చుకుంది. 1960 నుంచి శివారులో ఎక్కినవారు దిగకుండానే నగరం కిందికి పోతున్నారు. మన దేశంలోనూ మీరట్‌లో, ఢిల్లీ నుంచి వచ్చే నమో భారత్ బండ్లూ, ఊరి మెట్రో బండ్లూ ఒకే పట్టాల మీద నడిచేటట్లు ముందే ప్లాను గీసి కట్టారు. అంతదాకా ఎందుకు? చెన్నైలో 1995లో బీచ్–చేపాక్ మధ్య మొదలై తర్వాత వేళచ్చేరి దాకా పోయిన ఎత్తుమార్గం బ్రాడ్‌గేజి కాబట్టే, గుమ్మిడిపూండి నుంచి వేళచ్చేరికి నేరుగా బండ్లు నడిచిన రోజులున్నాయి. 2015లో తెరిచిన మెట్రోకు ఆ వీలు పెట్టలేదు. ఇప్పుడు పట్టాలు కలపమని అడగడం పునాది వేశాక గది వెడల్పు మార్చమన్నట్లుంటుంది.

నా సొంత మాట ఒకటి మనవి చేస్తాను. రెండేళ్ల కిందట మా ఆవిడను మోకాళ్ల డాక్టరుకు చూపించి వస్తూ మధ్యలో ఒక స్టేషనులో బండి మారవలసి వచ్చింది. ఎక్కవలసిన బండి అవతలి ప్లాట్‌ఫారం మీద ఉంది. ఆమె వంతెన మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నది. మేము పైనుంచి చూస్తుండగానే బండి కదిలిపోయింది. రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. "బండ్లు కలవకపోతే పోనీండి, అంత దూరంగా నిలపకుంటే చాలు" అన్నదామె. నేను చదివిన లెక్కలన్నిటికన్నా ఆ మాటే నాకు పనికివచ్చింది.

కలిసే చోటు మన దారిలోనే ఉంది. 2021 ఫిబ్రవరిలో మెట్రో విమ్కో నగర్ దాకా వచ్చింది. సూళ్లూరుపేట–చెన్నై లోకల్ ఆగే స్టేషన్లలో విమ్కో నగర్ ఒకటి. సెంట్రల్ జనంలో తోసుకొని భూమి కిందికి దిగలేనివారు అక్కడ మారవచ్చు. టిక్కెట్టుకు 2025 సెప్టెంబరులో చెన్నై వన్ అనే యాప్ వచ్చింది. బస్సు, మెట్రో, లోకల్ అన్నిటికీ కలిపి. మా మనవరాలు చూపించింది. నా వేలు ఒకచోట నొక్కితే అది ఇంకోటి తెరిచింది, అది వేరే సంగతి.

అందువల్ల సంఘం తరఫున ఒక మహజరు రాశాను. బండి మారే స్టేషన్లలో దిగిన ప్లాట్‌ఫారానికి ఎదురుగానే ఎక్కే బండిని నిలపాలని, అది కుదరని చోట లిఫ్టు పెట్టాలని, ఆ ఉమ్మడి టిక్కెట్టు ఫోను లేనివారికి కౌంటరులోనూ ఇవ్వాలని కోరాను. కాగితం గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. పి.పి.ఓ. నంబరు అక్కరలేదు, సంతకం చాలు. కళ్లజోడు మరిచివచ్చినవారికి నేనే చదివి వినిపిస్తాను. భోజనాలకు లేచేముందు ఒకసారి అటు రండి.