చలిలో బండి ఎప్పుడు వద్దు?



సంక్రాంతి నెలలో మన నేలకొండపల్లి చలి మీకు తెలియంది కాదు. తెల్లారకముందే ఖమ్మం పోదామని మగవాళ్ళు బండి తీస్తారు. చంటిబిడ్డతో మనం వెనక కూర్చుంటాం.

వాకిట్లో ఓర్చుకునే చలే, బండి ఉరికితే గాలికి ఎముకలు కొరుకుతుంది. నడిపేవాళ్ళ వేళ్ళు కొంకర్లు పోతే బ్రేకు అందదు. “నాకేం కాదు” అంటారు. అననీయండి. దారిలో ఆపి, పిడికిలి మూసి తెరవమనండి. వేళ్ళు మాట వినకపోతే ఇక బండి నడపొద్దు.

పొగమంచులో ఎదురొచ్చే లారీ మీదికొచ్చేదాకా కనపడదు. అది విడిచాకే బయలుదేరాలి.

బిడ్డ ఒళ్ళు మనకన్నా తొందరగా చల్లబడుతుంది. పాదాలతోపాటు పొట్ట కూడా చల్లగా తగిలితే వెంటనే ఆగండి. మన ఒంటికి ఆనించుకొని దుప్పటి కప్పండి. మత్తుగా ఉండి పాలు తాగకపోతే ఆలస్యం చేయకుండా దగ్గరున్న దవాఖానాకు తీసుకుపోవాలి.