ఎన్నికల చందా: లెక్కయు గుట్టును



గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమల గ్రామపెద్దలారా, ఎన్నికల సొమ్మును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని.

పూర్వము గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు నిజాము సర్కారునకు పేష్కషు చెల్లించుచుండెడివి. ఎవరు చెల్లించిరో, ఎవరికి చెల్లించిరో అందఱెఱిగిన సంగతియే. నేడు రాజ్యము ఓటరుది. అతడెన్నుకొనిన పక్షమునకు సొమ్మిచ్చువారెవరో అతనికే తెలియకున్న, రాజ్యమెవరిదనవలెను?

ఆస్తిహక్కును, పూర్వమర్యాదను మన్నించు సంప్రదాయవాదులును ఈ విషయమున ఏకాభిప్రాయులు కారు. ‘నా సొమ్ము నా యిష్టము, నా పేరు బయటపడిన, ఓడించితినని తలచినవాడు నాపై పగ సాధించును’ అని కొందఱందురు. ‘ప్రతిఫలమాశించి యిచ్చునది దానము కాదు, బేరము, బేరము పదుగురి యెదుట జరుగవలెను’ అని మఱికొందఱందురు.

ఈ వాదము నేటిది కాదు. 1957లో టాటా ఉక్కు కంపెనీ రాజకీయ పక్షములకు చందాలిచ్చుటకు అనుమతి కోరగా, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లాగారు అనుమతించుచునే, దీనివలన ప్రజాస్వామ్యమునకు ముప్పు కలుగవచ్చునని హెచ్చరించిరి. 1959లో రాజాజీ, మన రంగాగారు మున్నగువారు స్థాపించిన స్వతంత్ర పార్టీకిని, కాంగ్రెసునకును 1962 ఎన్నికలలో టాటాలు చందాలిచ్చిరి. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వము కంపెనీ చందాలను నిషేధించెను. సొమ్ము ఆగలేదు, చాటుదారి పట్టెను. 1985లో మరల అనుమతి లభించెను.

2003లో వాజపేయిగారి ప్రభుత్వము, ఇరువదివేల రూపాయలకు మించిన చందాలను పక్షములు ఎన్నికల సంఘమునకు తెలుపవలెనని శాసించెను. అప్పటి న్యాయమంత్రి అరుణ్ జైట్లీగారు. ఆయనయే 2017లో ఆర్థికమంత్రియై, దాత పేరు గుట్టుగానుంచు ఎన్నికల బాండ్లను ప్రతిపాదించిరి. పేరు తెలిసిన దాతలకు వేధింపు కలుగునని వారి వాదము. కంపెనీ చందాలకు గల పరిమితియు అప్పుడే తొలగెను. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టివేసెను. ఓటరునకు తెలిసికొను హక్కు కలదనెను. అమెరికాలోను ఇట్టి వివాదమే. 2002లో రిపబ్లికను సెనేటరు మెకెయిన్ చందాలను అరికట్టు చట్టమునకు పూనుకొనగా, అదే పక్షపు మెకానెల్ వాక్స్వాతంత్ర్యమునకు భంగమని కోర్టుకెక్కెను.

పగ సాధింపు భయము కల్ల యని నేననను. చిన్నదాత పేరు దాచిన దోషము లేదు. కాని కోట్లిచ్చువాని గుట్టు ఓటరును గ్రుడ్డివానిగా జేయును. ఎంత యియ్యవచ్చునను విషయమున వాదించుకొందము. ఎవరిచ్చిరను విషయమున దాపఱికము వలదు.

ఈ వివాదము ఢిల్లీలోనే లేదు, మన రచ్చబండపైనను కలదు. తెలంగాణములో కొన్ని గ్రామములందు ఏకగ్రీవము పేరిట సర్పంచి పదవిని వేలము వేయుచున్నారు. ‘సొమ్ము గుడికి చేరును, ఊరిలో కక్షలుండవు’ అని పెద్దలు కొందఱు సమర్థింతురు. వారి సదుద్దేశమును శంకింపను. కాని గుడికి చేరినంత మాత్రమున కొనుగోలు దానమగునా? బీదవాడు, ఎంత యోగ్యుడైనను, ఆ వేలములో నోరెత్తగలడా? పైగా అది చట్టవిరుద్ధము. ఐదువేల జనాభాకు లోబడిన గ్రామములో సర్పంచి అభ్యర్థి లక్షన్నరకు, అంతకు మించిన గ్రామములో రెండున్నర లక్షలకు మించి వ్యయపఱుపరాదని నిబంధన యుండగా, వేలపు పాట దేని క్రిందికి వచ్చును?

శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు, లోకసభ అభ్యర్థికి 95 లక్షలు వ్యయపరిమితి. పక్షములకు మాత్రము పరిమితియే లేదు. ఇది చట్టమున పెద్ద కంత. దానిని పార్లమెంటు పూడ్చవలెను. అంతవఱకు మనకొక సాధనము కలదు. శాసనసభకు, లోకసభకు ఎన్నికైన అభ్యర్థి ఫలితము వెలువడిన 30 దినములలో జిల్లా ఎన్నికల అధికారికి లెక్క దాఖలు చేయవలెను, ఓడినవాడును అంతే. ఒక్క రూపాయి రుసుము చెల్లించి ఎవరైనను దానిని చూడవచ్చును.

జాతర చందాకు లెక్క చదివించువారు మీరు. ఎన్నికల చందాకును చదివింపుడు. ఊరికిద్దఱు పెద్దలు ఆ రూపాయి చెల్లించి, కన్నది రచ్చబండపై విన్నవించిన, కోర్టుల తీర్పులకు గ్రామమున కాళ్లు వచ్చును.