మా తాత పేరు యాకయ్య.. మరి మేం ముస్లింలమా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక ఛాయ్ దగ్గర మొదలైంది.

మొన్న పరకాల బస్టాండ్ దగ్గర ఛాయ్ తాగుతుంటే, డిగ్రీ చదివే ఒక తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నడు. "అన్నా, ఒకటి అడుగుతా, నవ్వొద్దు" అన్నడు. వాళ్ల తాత పేరు యాకయ్య. యాకయ్య అంటే యాకూబ్ అని, అది ముస్లిం పేరని ఎవరో రీల్ పెట్టిన్రట. "మరి మేం ఒకప్పుడు ముస్లింలమా అన్నా?" అని అడిగిండు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఈ ప్రశ్న మన వరంగల్ పిల్లలే అడగాలె.

మన దిక్కు యాకయ్య, యాకమ్మ, యాకూబ్‌రెడ్డి అనే పేర్లు ఎందుకు ఇంత ఎక్కువ? వరంగల్ దాటి అవతల, పర్వతగిరి మండలంలో అన్నారం షరీఫ్ ఉంది. అక్కడ యాకూబ్ షావలీ దర్గా. పిల్లలు కాకపోతేనో, పుట్టిన బిడ్డ బతకాలనో అక్కడ మొక్కుకుంటరు. మొక్కు తీరితే పోయి కందూరు చేస్తరు, బిడ్డకు ఆయన పేరు పెట్టుకుంటరు. అంతే. ఇంట్లో ఎల్లమ్మ, మల్లన్న ఉంటనే ఉంటరు. పీర్ల పండుగకు అసన్న, ఊసన్న అని పీర్లను ఎత్తుకునే ఊళ్లు కూడా మన దగ్గర చాలా ఉన్నయి. అసన్న, ఊసన్న అంటే ఎవరో కాదు, ముహమ్మద్ ప్రవక్త మనవళ్లు హసన్, హుసేన్. క్రీ.శ. 680లో కర్బలాలో హుసేన్‌ను చంపిన్రు, ఆ దుఃఖమే ఈ పండుగ.

మరి పేరు పెట్టుకుంటే, పీరు ఎత్తితే ముస్లిం అయితరా? కారు. దీనికి జవాబు తెలియాలంటే ఇస్లాంలో అసలు ముస్లిం అంటే ఎవరో చూడాలె.

ముందు నమ్మకం. దేవుడు ఒక్కడే, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని మనస్ఫూర్తిగా ఒప్పుకుని పలకడం, దాన్నే షహాదత్ అంటరు. దాంతో పాటు దైవదూతలు, దైవగ్రంథాలు, ప్రవక్తలందరూ, ప్రళయ దినం, విధి.. వీటినీ నమ్మాలె. ప్రవక్తలందరూ అన్నప్పుడు ఇబ్రాహీం, మూసా, ఈసా కూడా వస్తరు. ఈసా అంటే యేసే. ఆ యాకూబ్ కూడా ఒక ప్రవక్త పేరే, బైబిల్‌లో యాకోబు అంటరు చూడండి, ఆయనే. మన అన్నారం వలీకి ఆ ప్రవక్త పేరు ఉందన్నమాట.

తర్వాత ఆచరణ. రోజుకు ఐదు పూటలు నమాజ్, రంజాన్ నెలంతా రోజా, స్థోమత ఉంటే జీవితంలో ఒకసారి హజ్. ఇవి అందరికీ తెలిసినవే. జకాత్ గురించి మాత్రం మన ఫ్రెండ్స్‌లో చాలామందికి తెలియదు. అది చేతికి వచ్చినంత ఇచ్చే దానం కాదు, లెక్క ఉంది. ఏడున్నర తులాల బంగారం, లేదా యాభై రెండున్నర తులాల వెండి, లేదా అంత విలువైన సొమ్ము ఒక చాంద్రమాన సంవత్సరం పాటు చేతిలో ఉంటే, అందులో రెండున్నర శాతం పేదలకు ఇవ్వాలె. లక్షకు 2,500. (ఇక్కడ తులం అంటే పాత తులం, సుమారు 11.66 గ్రాములు. మన బంగారం షాపుల పది గ్రాముల తులం కాదు.)

దర్గాలో మొక్కడం గురించి ముస్లింలలోనే పెద్ద చర్చ ఉంది. అడిగితే అల్లాహ్‌నే అడగాలె, సమాధి దగ్గర కాదు అనేవాళ్లు ఉన్నరు. వలీలు దేవుడికి దగ్గరివాళ్లు, వాళ్ల పేరు మీద ప్రార్థిస్తే తప్పేంది అనేవాళ్లూ ఉన్నరు. ఆ గొడవలోకి నేను పోను.

అసలు ముడి ఇంకో దగ్గర ఉంది. ముహమ్మద్ ప్రవక్త గారు చివరి ప్రవక్త, ఆయన తర్వాత ఇంకొకరు రారు అనేది ముస్లింలకు ప్రాణం లాంటి నమ్మకం. మరి ఆయన తర్వాత కూడా దేవుడి నుంచి ఒకరు వచ్చిన్రు అని ఎవరైనా అంటే? కొత్త మతాలు పుట్టింది సరిగ్గా అక్కడే.

ఇరాన్‌లో 1844లో బాబ్ అనే యువకుడు కొత్త సందేశం తెచ్చానన్నడు. 1850లో తబ్రీజ్‌లో ఆయన్ను కాల్చి చంపిన్రు. 1863లో బహావుల్లా, బాబ్ చెప్పిన ఆ రాబోయేవాడిని నేనే అన్నడు. అట్ల మొదలైందే బహాయీ మతం. ఢిల్లీలో తామర పువ్వు లెక్క ఉండే గుడి మీరు ఫోటోల్లో చూసే ఉంటరు, 1986లో తెరిచిన్రు, అది వీళ్లదే. కృష్ణుడు, బుద్ధుడు, యేసు, ముహమ్మద్ అందరూ ఒకే దేవుడి దగ్గర్నుంచి కాలం కాలానికి వచ్చినవాళ్లు అంటరు. వీళ్లకు పూజారులు లేరు. ఏడాదికి పంతొమ్మిది నెలలు, నెలకు పంతొమ్మిది రోజులు. మార్చిలో పంతొమ్మిది రోజుల ఉపవాసం. మద్యం వద్దు. చూస్తే ఇస్లాం పోలికలు కనబడతయి. కానీ వాళ్లే చెప్తరు, "మేం ముస్లింలం కాదు, మాది వేరే మతం" అని. ఇరాన్‌లో వాళ్లకు గుర్తింపు లేదు, కష్టాలు పడ్డరు. మన దేశంలో మాత్రం మామూలుగా బతుకుతున్నరు.

ఇక రెండోది, మన రాష్ట్రానికి సంబంధించింది. పంజాబ్‌లోని ఖాదియాన్‌లో మిర్జా గులాం అహ్మద్ 1889లో మొదలుపెట్టిన అహ్మదీయ జమాత్. రావాల్సిన మసీహ్‌ను, మహదీని నేనే అన్నడు ఆయన. అహ్మదీలది అదే ఖురాన్, అదే కలిమా, అదే ఐదు పూటల నమాజ్. ముహమ్మద్ ప్రవక్తకు లోబడి, కొత్త ధర్మశాస్త్రం తేకుండా ఒక ప్రవక్త రావచ్చు అంటరు. వాళ్లలోనే 1914లో విడిపోయిన లాహోరీలు ఆయన ప్రవక్త కాదు, సంస్కర్త అంటరు. మిగతా ముస్లిం పండితులు దాదాపు అందరూ వీళ్లను ముస్లింలుగా ఒప్పుకోరు. అహ్మదీలు కూడా వేరే ఇమామ్ వెనక నమాజ్ చదవరు.

పాకిస్తాన్ 1974లో రాజ్యాంగం మార్చి అహ్మదీలు ముస్లింలు కాదని రాసింది. మన దగ్గర 1970లోనే కేరళ హైకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ వాళ్లు ముస్లింలే అని తీర్పు ఇచ్చిన్రు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వక్ఫ్ బోర్డు వాళ్లు ముస్లింలు కాదని తీర్మానం చేసింది. హైకోర్టు దాన్ని ఆపింది. 2023 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు మళ్లీ అదే మాట అంటే, జూలైలో కేంద్ర ప్రభుత్వం లేఖ రాసింది, ఒకరి మతం తేల్చే అధికారం వక్ఫ్ బోర్డుకు లేదని. జమియత్ ఉలమా మాత్రం బోర్డు చెప్పిందే కరెక్ట్ అన్నది.

ఇది పెద్దోళ్ల మాటల గొడవ అనుకోకండి. ముస్లిం కాదు అంటే ఖాజీ నికా చదవడు. చనిపోతే ఖబ్రస్తాన్‌లో జాగా దొరకదు. ఇంట్లో మనిషి పోయి పడుకుని ఉంటే, ఎక్కడ బొంద పెట్టాలె అని వెతుక్కోవడం ఎట్లుంటదో ఒక్కసారి ఆలోచించండి. అందుకే "వీడు అసలు ముస్లిం కాదు" అని ముప్పై సెకన్ల రీల్ చేసేవాళ్లను చూస్తే నాకు భయమైతది. పండితులు వాదించుకోవడం వేరే. క్లాసులో పక్కన కూర్చున్న పిల్లగాడిని ఆ మాట అనడం వేరే.

బహాయీలు మేం కాదు అన్నరు, కాబట్టి ఇక్కడ వాళ్లతో పంచాయతీ లేదు. అహ్మదీలు మేం ముస్లింలమే అంటున్నరు, పంచాయతీ అక్కడ. ఇక మన యాకయ్య తాతను ఎవరూ అడగనే లేదు, ఆయనా చెప్పలేదు. కొడుకులకు పెండ్లిళ్లు చేసి, ఏడాదికోసారి అన్నారం పోయి వచ్చిండు.

తమ్ముడికి నేను చెప్పింది ఇదే. మీ తాత ముస్లిం కాదు, మొక్కు బిడ్డ. ఇంట్లో ముసలమ్మ ఎవరన్నా ఉంటే అడుగు, ఏ కష్టానికి మొక్కిన్రో ఆమెకు గుర్తుంటది. ఛాయ్ పైసలు వాడే ఇచ్చిండు. వచ్చే వారం కలుద్దాం, ఉంటా మరి.