పడుచువాని కారుకు బీమా



క్రిందటి మాసములో ఒక ఆదివారమునాడు మా మేనల్లుడు హైదరాబాదునుండి మా యింటికి వచ్చెను. వానికి ఇరువదినాలుగేండ్లు. ఉద్యోగములో చేరి మూడేండ్లు కావచ్చినది. కాఫీ గ్లాసు ఇంకను చేతనుండగనే వాడు తన ఫోనులో ఒక బొమ్మను మాకు చూపెను. ఎఱ్ఱని స్పోర్ట్సు కారు, రెండే తలుపులు, రెండువేల సీసీల ఇంజను. ఏడేండ్ల క్రిందట విదేశమునుండి దిగుమతియైన బండి. ఒకరు వాడి, ఇప్పుడు అమ్ముచున్నారు. బేరము కుదిరినది. సగము సొమ్ము మావానిది, సగము వాని తండ్రిది.

బొమ్మ చూపిన పిమ్మట వాడు రెండు కాగితములను మా ముందుంచెను. ఒకటి థర్డ్ పార్టీ పాలసీకి అంచనా. రెండవది జనులు ‘ఫుల్ ఇన్సూరెన్సు’ అని పిలుచు ప్యాకేజీ పాలసీకి అంచనా. రెండవదానికి మొదటిదానికంటె అనేక రెట్లు సొమ్మగుచున్నది. “మామయ్యా! పోలీసులు ఆపితే చూపించడానికి మొదటిది చాలదా? బండి పాతదే కదా. ఎక్కడైనా గీసుకుపోతే నేనే బాగుచేయించుకుంటాను” అని వాడు మమ్ము అడిగెను.

ఈ ప్రశ్న మా మేనల్లుడొక్కనిదే కాదు. కారు ఎన్నుకొనుటకు ఆఱు మాసములు వెచ్చించిన యువకుడు దాని బీమాకు అరగంటయైనను వెచ్చింపడు. వెచ్చించినను కారును గూర్చియే ఆలోచించును. కాని కారు బీమాలో కారు కడపటిది. త్రోవన పోవు మనిషి మొదటివాడు. పక్క సీటులో కూర్చున్నవాడు రెండవవాడు. స్టీరింగు పట్టినవాడు మూడవవాడు. ఇనుము, రంగు, అద్దములు అటుపిమ్మట. ఈ వరుసను మనస్సునందుంచుకొన్నచో పాలసీ ఎన్నుకొనుట కష్టము కాదని నేటి ప్రసంగమున మనవి చేయదలచినాము.

మొదట త్రోవన పోవు మనిషి సంగతి. మన దేశమున మోటారు వాహనముల చట్టము 1939లో వచ్చినది. అందలి నిర్బంధ బీమా భాగము 1946 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. ఇప్పుడున్నది 1988 నాటి చట్టము. దాని 146వ సెక్షను ప్రకారము, ఇతరుల నష్టమునకు పూచీపడు బీమా లేనిదే ఏ కారును బహిరంగ స్థలమున నడుపరాదు. నడిపినచో తొలి తప్పునకు 2,000 రూపాయల జుల్మానా గాని, మూడు మాసములవఱకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. అయితే ఈ జుల్మానాకు వెఱచి బీమా చేయువాడు అసలు భయము ఎక్కడనున్నదో ఎఱుగడు.

ఆ భయమును అంకెలలో చెప్పెదము. ఇరువదియెనిమిదేండ్ల చిరుద్యోగి, నెలకు 20,000 రూపాయలు సంపాదించువాడు, మన కారు తగిలి మరణించినాడనుకొందము. ఇంట భార్య, బిడ్డ, తల్లి కలరు. 2009లోను, 2017లోను సుప్రీంకోర్టు నిర్దేశించిన పద్ధతిని బట్టి ట్రిబ్యునలు లెక్క కట్టును. ఏడాది ఆదాయము 2,40,000 రూపాయలు. ముందుముందు పెరుగవలసిన ఆదాయము కింద, స్థిరమైన ఉద్యోగము కానివానికి, నూటికి 40 కలుపుదురు, 3,36,000 అగును. అతని సొంత ఖర్చు కింద మూడవ వంతు తీసివేయుదురు, 2,24,000 మిగులును. ఆ వయస్సునకు నిర్ణయించిన గుణకము 17. గుణించినచో 38,08,000 రూపాయలు. ఇతర పద్దుల సొమ్ము, వడ్డీ దీనికి అదనము. బీమా ఉన్నచో కంపెనీ చెల్లించును. లేనిచో కారు యజమాని చెల్లింపవలెను. ఇరువదినాలుగేండ్లవాడు ఆ సొమ్ము ఎక్కడనుండి తెచ్చును?

ఇంత పూచీకి ఎంత రుసుమని మీరు అడుగవచ్చును. 2022 జూన్ 1 నుండి అమలైన పట్టికలో, ఏడాదికి, వేయి సీసీలు దాటని కారునకు 2,094 రూపాయలు, 1,500 సీసీలవఱకు 3,416 రూపాయలు, ఆపైన ఎంత పెద్ద ఇంజనైనను 7,897 రూపాయలు. ఈ రుసుము ప్రభుత్వము నిర్ణయించునది గనుక కంపెనీలనడుమ బేరమునకు చోటు లేదు. బ్రిటనువంటి దేశములలో నడుపువాని వయస్సును, కారు వేగమును, కాపురముండు పేటను కూడ చూచి రుసుము కట్టుదురు. అచ్చట పడుచువాని స్పోర్ట్సు కారుకు బీమా మిక్కిలి భారము. మన దేశమున ఈ థర్డ్ పార్టీ రుసుమునకు ఇంజను పరిమాణమే కొలత. రెండువేల సీసీల కుటుంబపు కారునకెంతయో మావాని ఎఱ్ఱకారునకును అంతే. మరణమునకు, గాయములకు కంపెనీ చెల్లించు పరిహారమునకు పరిమితి లేదు. ఇతరుల ఆస్తినష్టమునకు మాత్రము సాధారణముగా 7,50,000 రూపాయలవఱకే పూచీ. కొంచెము రుసుము తగ్గునని దీనిని 6,000 రూపాయలకు కుదించుకొను వీలున్నది. ఆ పొదుపు వలదు. ఎదుటివాని కారు దీపమొక్కటి పగిలినను 6,000 చాలవు.

ఇక పక్క సీటులో కూర్చున్నవాని సంగతి. మా మేనల్లుడు అడిగిన ప్రశ్నకు అసలైన జవాబు ఇచ్చటనే యున్నది.

మేము విశాఖపట్టణమున విశ్వవిద్యాలయములో చదువుచున్న దినములలో మా సహాధ్యాయి ఒకడు తన తండ్రిగారి కారును తెచ్చెను. ఒక సాయంకాలము ముగ్గురము భీమునిపట్టణమునకు బయలుదేరితిమి. అతడు నడుపుచుండెను. మరియొక మిత్రుడు పక్క సీటులో కూర్చుండెను. మేము వెనుక ఉంటిమి. సముద్రపు ఒడ్డున మలుపుదగ్గఱ కారు అదుపుతప్పి చెట్టును ఢీకొన్నది. నడుపువానికి గీతలతో పోయినది. మాకు భుజము వాచినది. పక్క సీటులోని మిత్రుని తొడయెముక విఱిగినది. ఏడాది చదువు పోయినది. వాని తండ్రి చిన్న బడిపంతులు. ఆస్పత్రి ఖర్చులకు తాళలేక ట్రిబ్యునలుకు పోయెను. ఆ కారునకున్నది కేవలము థర్డ్ పార్టీ పాలసీ. కంపెనీ తనకు పూచీ లేదనెను. ఆ వాదమే నెగ్గెను. పరిహారము యజమానిపై పడెను. ఆయన రెండెకరముల కొబ్బరితోట అమ్మి సొమ్ము చెల్లించెను. చెల్లించుటకు నాలుగేండ్లు పట్టెను. ఆ నాలుగేండ్లలో రెండు కుటుంబములనడుమ మాటలు లేకపోయెను. మిత్రులిద్దరును ఇప్పుడు మావలెనే నలువదులలో ఉన్నారు. ఒకని పెండ్లికి రెండవవాడు పోలేదు.

కారణమేమన, థర్డ్ పార్టీ అనగా కారు వెలుపలి మనుష్యుడే. సొంత కారులో ఉచితముగా ఎక్కించుకొన్న మిత్రునికి, బంధువునకు ఆ పాలసీ పూచీ వహింపదని న్యాయస్థానములు తీర్పులిచ్చినవి. ప్యాకేజీ పాలసీ ఉన్నచో ఆ పూచీ కలదని బీమా నియంత్రణ సంస్థ 2009లో కంపెనీలకు స్పష్టముగా వ్రాసినది. సుప్రీంకోర్టు కూడ తరువాత ఆ భేదమును అంగీకరించినది. స్పోర్ట్సు కారు కొనువాడు ఒంటరిగా తిరుగుటకు కొనడు. మొదటి ఆదివారమే పక్కన ఒక స్నేహితుడు కూర్చుండును. కావున ప్యాకేజీ పాలసీకి అదనముగా ఇచ్చు సొమ్ములో ఒక భాగము ఆ స్నేహితునికొఱకే అని తలంపవలెను.

మూడవవాడు స్టీరింగు పట్టినవాడు. యజమాని తానే నడుపుచు మరణించినను, అంగవికలుడైనను వర్తించు వ్యక్తిగత ప్రమాద బీమా కలదు. 2018లో దానిని 15 లక్షల రూపాయలకు పెంచిరి. ఇందు ఒక మెలిక ఉన్నది. పాలసీ ఎవరి పేర ఉన్నదో, రిజిస్ట్రేషను ఎవరి పేర ఉన్నదో, లైసెన్సు ఎవరికి ఉన్నదో, ఆ ముగ్గురును ఒక్కరే కావలెను. మా బావగారు కారు తన పేర రిజిస్టరు కావలెనని పట్టుపట్టుచున్నారట. అట్లయినచో ఆ 15 లక్షల రక్షణ కారు నడుపని తండ్రికి. నిత్యము నడుపు కొడుకునకు ఏమియు లేదు. యజమానిని అడిగి కారు తీసికొని నడుపువాడు యజమాని స్థానమున నిలుచునే గాని థర్డ్ పార్టీ కాడని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. కావున నడుపువాని పేరనే కారు కొనుట మేలు. కాదన్నచో వానికి వేఱుగా ప్రమాద బీమా చేయింపవలెను.

ఇప్పుడు కారు దగ్గఱకు వచ్చెదము. పాలసీలో ఐ.డి.వి. అను అంకె ఉండును. బండి దొంగలపాలైనను, పూర్తిగా ధ్వంసమైనను కంపెనీ ఇచ్చు గరిష్ఠపు మొత్తము అదియే. కొత్తబండి ధరనుండి ఏటేట తరుగు తీసివేసి దానిని కట్టుదురు: ఆఱు మాసములలోపు నూటికి 5, రెండు మూడేండ్లనడుమ 30, నాలుగైదేండ్లనడుమ 50. ఐదేండ్లు దాటినచో ఇరుపక్షములు మాటాడుకొని నిర్ణయింతురు. రుసుము తగ్గునని ఈ అంకెను తగ్గించి వ్రాయించుకొనువారు కలరు. మరమ్మతు ఖర్చు ఐ.డి.వి.లో నూటికి 75 దాటినచో బండి పూర్తిగా పోయినట్లే లెక్క. దిగుమతి కారు విడిభాగములకు ఆ హద్దు చేరుటకు పెద్ద దెబ్బ అక్కఱలేదు. కావున తగినంత ఐ.డి.వి. ముఖ్యము.

ఇక మరమ్మతు. ప్లాస్టికు, రబ్బరు భాగములకును, టైర్లకును, బ్యాటరీకిని కంపెనీ సగము ఖరీదే ఇచ్చును. అద్దములకు పూర్తిగా ఇచ్చును. ఈ కోత లేకుండ ‘జీరో డిప్రిసియేషను’ అను అదనపు రక్షణ దొరకును గాని, పాతబండ్లకు దానిని అందఱు ఈయరు, అడిగి చూడవలెను. నేలబారు కారు వాననీటిలో దిగినచో ఇంజను చెడును. దానికి ఇంజను రక్షణ వేఱుగా తీసికొనవలెను. ప్రతి క్లెయిములో మొదటి కొంత సొమ్ము మనమే భరింపవలెను. ఆ భాగమును మనంతట మనమే పెంచుకొన్నచో రుసుము తగ్గును. చిన్నగీతలకు సొంతసొమ్ము పెట్టుకొందునను మా మేనల్లునివంటివానికి తగిన పొదుపు ఇదియే. పెద్ద రక్షణను వదలుకొనుట పొదుపు కాదు. చిన్న నష్టమును ఓర్చుకొనుట పొదుపు.

క్లెయిము లేని ఏడాదికి నో క్లెయిము బోనసు వచ్చును: మొదటి ఏడు నూటికి 20, వరుసగా ఐదేండ్లకు 50. ఇది మనిషిది గాని బండిది కాదు. పాతకారు కొనువానికి అమ్మినవాని బోనసు రాదు. పాలసీ గడువు తీరి 90 దినములు దాటినచో కూడబెట్టిన బోనసంతయు పోవును.

పాతకారు కొనువారికి మరియొక మాట. రిజిస్ట్రేషను మార్చుకొని పాలసీని మఱచువారు పెక్కురు. థర్డ్ పార్టీ పూచీ కొన్నవానికి తనంతట సంక్రమించును. సొంత కారు నష్టమునకు సంబంధించిన భాగము అట్లు సంక్రమింపదు. 14 దినములలోపల కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీని తన పేరునకు మార్పించుకొనవలెను.

చివరకు, పాలసీ నిజమునకే రక్షణ. ఇంజనుశక్తి పెంచి కంపెనీకి చెప్పకుండుట, రాత్రివేళ పందెములకు దిగుట, త్రాగి నడుపుట, గడువు తీరిన లైసెన్సుతో తిరుగుట, వీనిలో ఏదియైనను కట్టిన రుసుమంతటిని నిరర్థకము చేయగలదు. గాయపడిన అన్యునికి కంపెనీ ముందు చెల్లించినను, తరువాత ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుటకు న్యాయస్థానములు అనుమతించుచుండును.

మా మేనల్లుడు ఇదంతయు విని చాలసేపు మాటాడలేదు. తుదకు, “మామయ్యా! ఆ ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవా?” అని అడిగెను. లేవంటిమి. వాడు మొదటి కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, రెండవదానిని మరల చదువసాగెను. మఱునాడు కారు అమ్మువానికి ఫోనుచేసి పాత పాలసీ ప్రతిని పంపుమనెను. రుసుమునకు సొమ్ము కూడువఱకు కారు తెచ్చుట ఒక నెల వాయిదా వేసికొనెను.

మీ యింటను ఇట్టి పడుచువాడు ఉన్నచో, కారు రంగును గూర్చి అతనితో వాదింపకుడు. పక్క సీటులో ఎవరు కూర్చుందురని మాత్రము అడుగుడు.

సెలవు.