కుంటుతున్నాడా, ఈడుస్తున్నాడా?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క మాట మీద. కుంటు.

కోడ్ రాసేవాళ్లకి ముందు ఒక పజిల్. ఎవరి నడకనైనా వెక్కిరించే కామెంట్లు ఆపాలని, "కుంటు" అని కనిపిస్తే చాలు దాచేసే ఫిల్టర్ పెట్టారనుకోండి. ఏమవుతుంది? "అనుకుంటున్నాను" పోతుంది. "చేసుకుంటున్నా" పోతుంది. సగం తెలుగు మాయం! ఎందుకంటే ఆ కుంటు వేరు. అది "కొను" అనే క్రియ వాడుకలో అరిగి మిగిలిన ముక్క. "కుంటుకుంటూ వచ్చాడు" అంటే రెండూ పక్కపక్కనే కూర్చున్నాయన్నమాట. ఇక మన నల్లకుంటలో ఉన్నది నీళ్ల కుంట, దానికీ దీనికీ సంబంధం లేదు.

అసలు కుంటడం అంటే ఏంటి? ఒక కాలి మీద పూర్తి బరువు వెయ్యలేక, గబుక్కున రెండో కాలి మీదకి మార్చేస్తూ నడవడం. ముల్లు గుచ్చుకున్నా, మడమ బెణికినా, కొత్త చెప్పు కరిచినా అందరం కుంటుతాం. కన్నడలోనూ ఇదే మాట. మన తొక్కుడుబిళ్ళని వాళ్లు కుంటెబిల్లె అంటారు, ఒంటికాలి మీద గెంతే ఆట కదా.

దీని చుట్టుపక్కల ఇంకొన్ని మాటలున్నాయి. తూలడం అంటే బ్యాలెన్స్ తప్పడం. తడబడటం అంటే అడుగు సరిగ్గా పడకపోవడం, మాటకి కూడా వాడతాం. దేకడం అంటే లేవలేక నేల మీద జరగడం. కాలు ఈడ్చడం ఇంకోటి. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఇది నిజంగా పనికొచ్చే తేడా.

నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి ఓపీకి నాన్నని తీసుకెళ్లారనుకోండి. "నడక బాలేదు సార్" అంటే డాక్టర్‌కి ఏం తెలుస్తుంది? కుంటుతున్నాడంటే చాలాసార్లు నొప్పి ఉన్నట్టు. మోకాలో, తుంటో, మడమో. ఈడుస్తున్నాడంటే కాలు పైకి లేవట్లేదని. నొప్పి అసలు ఉండకపోవచ్చు, తేడా నరంలోనో మెదడులోనో ఉండొచ్చు. పొద్దున బానే ఉన్న మనిషి ఉన్నట్టుండి ఒకవైపు కాలు ఈడుస్తున్నాడు, మూతి వంకర పోయింది, మాట ముద్దగా వస్తోంది అంటే ఓపీ దాకా ఆగొద్దు. వెంటనే 108కి కొట్టండి. అది పక్షవాతం కావొచ్చు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. "అలసిపోయాడులే, కాసేపు పడుకోనీ" అంటే ఆ టైమ్ కాస్తా పోతుంది.

ఇప్పుడు పేపర్ల భాష. "పనులు కుంటుపడ్డాయి." మనవైపు వాళ్లకి బాగా తెలిసిన మాట. ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్‌కి 2018లో శంకుస్థాపన చేశారు. తర్వాత ఏళ్ల తరబడి ఆ దుమ్ములో పిల్లర్లు చూసుకుంటూనే ఆఫీసులకి పోయాం. అది కుంటుపడటమా? నన్నడిగితే కాదు, నిలిచిపోవడం. కుంటే మనిషి కదులుతాడు బాస్! లేటైనా వస్తాడు.

"కుంటిసాకు" కూడా అంతే. సాకు అంటేనే చెప్పడానికి సరైన కారణం లేదని. మళ్లీ ముందు కుంటి ఎందుకు? నేనైతే సాకు అనే అంటున్నా, ఎవరికీ అర్థం కాకుండా పోలేదు.

"కుంటోడు" దగ్గరే నాకు అసలు పేచీ. "కుంటుతున్నాడు" అంటే ఇప్పుడు కాలు ఏం చేస్తోందో చెప్పడం. "కుంటోడు" అంటే మనిషి పేరు తీసేసి కాలి పేరు పెట్టడం. ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే ఈజీగా గుర్తుపట్టడానికి అలా పిలుస్తాం అంటారు. ఆ ఈజీ ఎవరికి? 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా ఒక సినిమా కేసులో, ఇలాంటి మాటలు మనుషుల్ని తక్కువ చేస్తాయని చెప్పింది. క్రియని తీసెయ్యమని నేననట్లేదు, అది మనకి కావాలి. దాన్ని తీసుకెళ్లి మనిషికి అంటించడం మానేద్దాం అంటున్నా.

మీ ఊళ్లో ఈ రకరకాల నడకలకి ఇంకేమైనా మాటలుంటే కింద రాయండి, ఏ ఊరో కూడా చెప్పండి. నిజామాబాద్ వైపు, శ్రీకాకుళం వైపు వాళ్లవి తప్పకుండా కావాలి. వచ్చేవారం కలుద్దాం.