మనిషి లేని ఆయుధాలు – మన పిల్లల కంపెనీలు

(ఎడ్లపాడులో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన వేదిక మీద డ్రోన్ల గొడవేమిటని ఉదయం కొందరు మిత్రులు నన్ను ఆటపట్టించారు. బకాయిల సంగతి కార్యదర్శిగారు నాకంటే గట్టిగా అడగగలరు. ఈ డ్రోన్ల విషయం మాత్రం మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది కనుక, తెలిసినంతలో మనవి చేస్తాను.

నేను టెలిఫోన్ శాఖలో ముప్పైనాలుగేళ్లు పనిచేసి రిటైరైన వాణ్ణని మీకందరికీ తెలుసు. మా మనవరాలు హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. అంతా కలిపి నలభైమంది ఉండరు. సైన్యం వాడే డ్రోనుకు కంటిచూపు నేర్పడం ఆమె పని. అంటే కెమెరాలో కనబడినది చెట్టా, ట్రాక్టరా, ట్యాంకా, మనిషా అని యంత్రం తానే పోల్చుకొనేలా వేలకొద్దీ బొమ్మలు చూపించి తర్ఫీదు ఇవ్వడం.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆమెను మిరపచేల వైపు తీసుకెళ్లాను. ఒక చేలో డ్రోనుతో మందు కొడుతున్నారు. పక్క చేలో ఒకాయన పాతపద్ధతిలో వీపున తైవాన్ పంపు తగిలించుకొని, చేత గొట్టం పట్టుకొని సాళ్లవెంట నడుస్తున్నాడు. పిల్ల అలాగే నిలబడిపోయింది. ఏమ్మా అన్నాను. “తాతయ్యా, రాత్రిపూట వేడిని చూసే కెమెరాలో పైనుంచి చూస్తే ఈయన వీపున బరువు, చేతిలో పొడుగాటి గొట్టం కనబడతాయి. శత్రువు ఇలా ఉంటాడని మేము నేర్పుతున్నది సరిగ్గా ఇదే” అంది. ఆ మాట అప్పటినుంచి నన్ను వదలలేదు.

2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లతో ఆకాశంలో బొమ్మలు వేస్తే మనవాళ్లు చాలామంది వెళ్లి చూశారు. అందులో యంత్రానికి సొంత తెలివి లేదు. ప్రతి డ్రోనూ ఎక్కడికి పోవాలో ముందే రాసిపెట్టిన దారిన పోతుంది. మందు కొట్టే డ్రోను కూడా దాదాపు అంతే. అసలు తేడా మా శాఖ భాషలో చెబితే మీకు తేలిగ్గా పడుతుంది. పూర్వం ట్రంకు కాల్ బుక్ చేస్తే ఆపరేటరమ్మ నంబరు అడిగి, తీగ తీసి, రంధ్రంలో గుచ్చి కలిపేది. తర్వాత ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది, కలిపేది యంత్రమే, ఏదైనా తేడా వస్తే చూసుకోడానికి ఒక మనిషి కూర్చునేవాడు. ఆ తర్వాత ఆ మనిషి కూడా రాత్రిళ్లు ఇంటికి పోయాడు. ఆయుధాల్లో కూడా ఈ మూడు మెట్లే. ఎక్స్ఛేంజి పొరబడితే రాంగ్ నంబరు తగులుతుంది. ఇక్కడ ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మరి మనిషిని ఎందుకు తప్పిస్తున్నారు? దురుద్దేశంతో కాదు. దూరంనుంచి నడిపే డ్రోనుకు రేడియో తరంగాలే ప్రాణం. అదే తరంగం మీద శత్రువు గట్టిగా రొద చేస్తే ఆజ్ఞలు దానికి వినబడవు, దీన్నే జామింగ్ అంటారు. ఉపగ్రహం ఇచ్చే దిక్కు కూడా తప్పుగా చూపించవచ్చు. ఉక్రెయిన్ యుద్ధంలో ఇరుపక్షాలూ ఈ పనిచేసి డ్రోన్లను కూలుస్తుంటే, 2024 నాటికి కొన్నింటికి గాలిపటం దారంలాగా సన్నని ఫైబర్ తీగ కట్టి పంపడం మొదలుపెట్టారు. నేను నేలలో పాతించిన ఫైబరు యుద్ధభూమి మీద గాలిలో తేలుతోందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తీగ లేకుండా బయటపడే రెండో దారి, డ్రోనే కిందిభూమిని చూసి దారి వెదుక్కోవడం, చివరి క్షణంలో గురి తానే పట్టుకోవడం. 2020 మార్చిలో లిబియాలో ఇటువంటి ఆయుధం మనిషి ఆజ్ఞతో సంబంధం లేకుండా సైనికులను వెంటాడి ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2021లో తన నివేదికలో రాసింది.

మన దేశానికి ఇది దూరపు కథ కాదు. 2025 మే 8వ తేదీ రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం ప్రకటించింది. అన్ని వచ్చినప్పుడు ఒక్కొక్కదాన్ని మనిషి చూసి, ఆలోచించి, మీట నొక్కే వ్యవధి ఎక్కడుంటుంది? ఆ రోజుల్లోనే సత్యసాయి జిల్లా కల్లితండా జవాను ఒకరు సరిహద్దులో నేలకొరిగారు. ఆయన నిలబడిన చోట ఒక యంత్రం నిలబడి ఉంటే బాగుండునని నాకూ అనిపించింది, కాదనను.

ఇక కంపెనీల సంగతి. మనం చిన్నప్పటినుంచి ఆయుధమంటే సర్కారు ఫ్యాక్టరీయే అనుకొన్నాం. హైదరాబాదులో 1962 నుంచి క్షిపణి పరిశోధనాశాల, 1970 నుంచి భారత్ డైనమిక్స్ ఉన్నాయి. 1983లో అబ్దుల్ కలాంగారి నాయకత్వాన మొదలైన క్షిపణి పథకం ఆ ఊరికి ఒక వృత్తివిద్యను నేర్పింది. చుట్టుపక్కల చిన్న వర్క్‌షాపులు ఖచ్చితమైన పనితనం అలవరచుకొన్నవి అక్కడే. 1993లో హైదరాబాదులో పుట్టిన జెన్ టెక్నాలజీస్ సైనికుల శిక్షణకు నమూనా యంత్రాలు చేస్తూ చేస్తూ డ్రోన్లను పట్టే పరికరాల్లోకి వచ్చింది. గ్రీన్ రోబోటిక్స్ వారు ఇంద్రజాల్ అని పేరుపెట్టి, ఒక్కో భవనానికి కాక ఒక ప్రాంతమంతటికీ కాపలా కాసే స్వయంచాలక వ్యవస్థను 2023లో చూపించారు. 2025లో అయితే బిట్స్ హైదరాబాద్ ప్రాంగణంలో ఇంకా చదువుకొంటున్న ఇద్దరు కుర్రవాళ్లు తమ డ్రోన్లను సైన్యానికి అమ్మినట్లు పత్రికల్లో చదివాం. కర్నూలు జిల్లాలోని రక్షణశాఖ పరీక్షా క్షేత్రంలో 2025 ఏప్రిల్‌లో డ్రోన్లను కాల్చే లేజరునూ, జులైలో డ్రోను నుంచి వదిలే చిన్న క్షిపణినీ పరీక్షించారు. ఆ క్షిపణిని మోసిన డ్రోను బెంగళూరులోని ఒక స్టార్టప్ తయారుచేసినదే.

డబ్బు ఎక్కడిదంటే, కేంద్రం 2018లో ఐడెక్స్ అనే పథకం పెట్టింది. సైన్యం తన ఇబ్బంది చెబుతుంది, పరిష్కారం చూపగల చిన్న సంస్థకు కోటిన్నర వరకు గ్రాంటు ఇస్తారు, దానికి సమానంగా సంస్థ కూడా పెట్టుకోవాలి. నమూనా నెగ్గినా అసలు ఆర్డరు చేతికొచ్చేదాకా జీతాలు ఎవరివ్వాలన్నది మా పిల్ల కంపెనీవాళ్ల బెంగ. బిల్లు పాసయ్యేదాకా కాంట్రాక్టరు పడే యాతన మనలో ట్రెజరీలో చేసినవారికి కొత్త కాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పి ముందుకు పోతాను. డ్రోను షేర్లు కొనమని ఫోన్లు వస్తున్నాయని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. ముంబయికి చెందిన ఐడియాఫోర్జ్ 2023లో 672 రూపాయలకు షేరు జారీచేస్తే మొదటిరోజే దాదాపు రెట్టింపయింది. 2025 మార్చినాటికి జారీ ధరకన్నా బాగా కిందికి పడింది. కంపెనీ మంచిదే కావచ్చు, కాని సర్కారు ఆర్డర్లు వరుసగా రావు. గ్రాట్యుటీ సొమ్ము పెట్టే చోటు మాత్రం అది కాదు.

ఇక నన్ను కుదురుగా ఉండనివ్వనిది. మనం ఏ చిన్న కాగితం కదిలించినా కింద ఒక సంతకం ఉండేది. తప్పు జరిగితే ఆ సంతకం పెట్టినవాడికి మెమో వచ్చేది. యంత్రం గురి తప్పి చేలో మనిషిని కాలిస్తే మెమో ఎవరికి? బొమ్మలు చూపించిన మా పిల్లకా, కొన్న అధికారికా, వదిలిన జవానుకా? మా ఆవిడ నేరుగా ఇదే అడిగింది. పిల్ల దగ్గర జవాబు లేదు. దేశాల దగ్గర కూడా లేదు. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో ఈ ఆయుధాల మీద తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా, 4 వ్యతిరేకంగా ఓటేశాయి. ఆ నాలుగింటిలో మనమూ ఉన్నాం. దీన్ని చర్చించడానికి జెనీవాలో ఇప్పటికే ఒక వేదిక ఉంది, ఇంకొకటి ఎందుకని మనవాళ్ల వాదన. వాదన సబబే కావచ్చు. కాని జెనీవాలో ఈ చర్చ 2014 నుంచి నడుస్తూనే ఉంది. ఆ మధ్యకాలంలో పిల్లలు కోడ్ రాస్తూనే ఉన్నారు.

ఉద్యోగం మానెయ్యమని నేను చెప్పలేదు. చెబితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, వారికి తైవాన్ పంపు అంటే ఏమిటో తెలియకపోవచ్చు. యంత్రం ‘శత్రువు’, ‘కాదు’ అనే రెండు జవాబులే చెప్పేలా ఉందట. ‘తెలియడం లేదు’ అని మూడో జవాబు చేర్చి, అది వచ్చినప్పుడు మనిషిని అడిగి తీరాలని ఆమె పైవాళ్లతో వాదిస్తోంది. ఇంకా తేలలేదు. ఆలోగా మరోపని పెట్టుకొంది. పొలాల్లో పనిచేసే మనుషులను పైనుంచి తీసిన బొమ్మలు కావాలట, వీళ్లు శత్రువులు కారని నేర్పడానికి. పంపులతో, తట్టలతో, పారలతో, తలగుడ్డలతో, పత్తి తీసేవాళ్లు, మిరప కోసేవాళ్లు అందరూ కావాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆమె మన ఊరు వస్తుంది. చేలున్న సభ్యులు తమ కూలీలకు విషయం విప్పి చెప్పి, వారు సరేనంటేనే, పేర్లు కార్యదర్శిగారి దగ్గర రాయించవలసిందిగా కోరుతున్నాను. ముఖాలు కనబడవు, తల పైభాగమే పడుతుంది. బలవంతం ఏమీ లేదు.