సిగ్మా అనగా మన సంకలితమే



ఉగాదినాడు పంచాంగములో ఆదాయవ్యయములు విని వచ్చినవారికి లెక్క చేదు కారాదు. అయినను మన వాషర్‌మెన్‌పేట్‌లో కొందరు తల్లిదండ్రులు పది దాటిన పిల్లలను లెక్కల గ్రూపులో చేర్చుటకు జంకుచున్నారు. “ఆ గ్రీకు అక్షరములు మేమెట్లు చెప్పగలము?” అని వారి బాధ. మేమును మెట్రిక్‌తో ఆగినవారమే. కనుక వారిని అంతగా జడిపించు సిగ్మాను గూర్చియే చెప్పుదుము.

ఎం.సి. రోడ్డులో ఏ బట్టల కొట్టు చిట్టా అయినను చూడుడు. ముప్పది రోజుల అమ్మకము వరుసగా వ్రాసి, గీత గీసి, “మొత్తము” అందురు. సిగ్మా ఆ మాటయే. అంకెలన్నియు వ్రాయు శ్రమ లేకుండ, మొదలెక్కడో క్రింద, ముగింపెక్కడో పైన, ఏ రోజుకు ఎంతో ప్రక్కన వ్రాయుదురు. స్విట్జర్లాండు పండితుడు ఆయిలర్ 1755లో తన గ్రంథమున ఈ గుర్తును వాడెను.

ఒక పిల్లవాడు హుండీలో మొదటి రోజు ఒక రూపాయి, రెండవ రోజు రెండు, ఇట్లు ముప్పది రోజులు వేసెననుకొందము. సిగ్మా క్రింద “రోజు = 1”, పైన “30”, ప్రక్కన “రోజు”. అంతే. 30ని 31తో హెచ్చించి సగము చేసిన 465 రూపాయలు. మరి మొదటి రోజు ఒక్క పైసాయే వేసి, ప్రతిదినము రెట్టించినచో? క్రిందిదీ మారలేదు, పైదీ మారలేదు. ప్రక్కనున్నది మాత్రమే మారినది. మొత్తము కోటి ఏడు లక్షల రూపాయలు దాటును! బెదరవలసినది గుర్తును చూచి కాదు, రెట్టింపును చూచి.

ఈ రెట్టింపు లెక్క మనవారికి పాతదే. మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. (సంస్కృత మూలమును రంగాచార్యులవారు 1912లో ఈ చెన్నపట్నముననే అచ్చు వేయించిరి.) చదరంగపు 64 గళ్లలో ఒకటి, రెండు, నాలుగుగా రెట్టించిన మొత్తమును చెప్పు పద్యమొకటి మల్లన పేర ప్రసిద్ధము. చంద్రుడనగా 1, వేదములనగా 4, ఇట్లు మాటలే అంకెలు. చివరినుండి మొదటికి చదువుకొనవలెను: 18446744073709551615. ఇరువది అంకెలు నాలుగు పాదములలో ఇమిడినవి! ఆ మొత్తమునకు పద్యములోని పేరు “సంకలితము”.

పిల్లలు ఆంగ్లములోనో తమిళములోనో లెక్కలు నేర్చుచున్నారు, నేర్వనిండు. ఇంట పుస్తకము తెరచినప్పుడు సిగ్మా ఉన్నచోట “సంకలితము” అని చదివింపుడు. 1 నుండి 5 వరకు వ్రేళ్లపై కూడించి, పిదప సూత్రమునకు పొండు. వర్గముల సంకలితమునకు సూత్రము వేరు. అది కావలసిన పిల్లలు సభ ముగిసిన పిదప నోటుపుస్తకముతో రండు, మేమిక్కడనే ఉందుము.